ఆడపడుచు పాస్‌బుక్కు

పద్దుపుస్తకాలు కుట్టే ఆ బైండింగు షాపులో ఆమెను అసలు పేరుతో పిలిచినవారు ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కరూ లేరు. యజమాని మొదలుకొని వీధి చివర టీ కొట్టువాడి వరకు అందరికీ ఆమె రసీదమ్మే. ఆ పేరు ఎగతాళిగా పుట్టింది. బస్సు టిక్కెట్టును కూడా పారవేయక మడిచి దాచుకొనే మనిషిని చూసి నవ్వడం తప్ప లోకానికి చేతనైనది ఏముంది? అద్దె ఎగవేశావని ఇంటివాడు వీధిలో నిలబెట్టి కేకలు వేసిన నాడు, పన్నెండేళ్ల కిందటి చీటీని పెట్టెలోంచి తీసి అతని ముఖాన చూపి, "చదువుకోండి, సంతకం మీదేనా?" అని అడగగలిగినది ఆ వీధి మొత్తంలో ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం మాత్రం ఎవరూ నవ్వలేదు. మరునాటి నుంచి మళ్లీ నవ్వారు.

షాపులో ఆమెది కుట్టుబల్ల. గీతలు అచ్చయిన కాగితాలు కట్టలుగా వస్తే, వాటిని చెక్కతో నొక్కి మడిచి, మడతలను వరుసగా పేర్చి, వెన్ను మీద సూదితో తొమ్మిది చోట్ల దారం పోసి బిగించాలి. ఆపైన జిగురు, అట్ట, గుడ్డ. చివరికి కటింగ్ మిషను కింద పెట్టి మూడు వైపులా అంచులు కోస్తే అది లెడ్జరవుతుంది. ఎందరెందరో దుకాణదారులు తమ లాభనష్టాలు రాసుకొన్న పుస్తకాలు ఆమె చేతి దారం మీద నిలబడ్డవే. కోతలో మిగిలిన కాగితపు ముక్కలను యజమానిని అడిగి మరీ ఇంటికి తెచ్చుకొని, ఏటా ఒకటి చొప్పున తన సొంత పద్దుపుస్తకం కుట్టుకొనేది. అటువంటివి ఇరవై తొమ్మిది ఆమె మంచం కింద పెట్టెలో ఉన్నాయి.

ఆ షాపులోని ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. పోస్టాఫీసు పాస్‌బుక్కును ఎవరూ తమ దగ్గర పెట్టుకోరాదు. పక్క మనిషి దగ్గర పెట్టాలి. ఆమె పుస్తకాన్ని తాను పెట్టుకోవాలి. డబ్బు వేయాలంటే పుస్తకం అడిగి తీసుకొని, మరునాడు పొద్దున్నే తిరిగి అప్పజెప్పాలి. తీయాలంటే మాత్రం ఎందుకో చెప్పి తీసుకోవాలి. ఎప్పుడో ఒక కుట్టుపని మనిషి, కూడబెట్టినదంతా భర్త బుజ్జగింపులకు కరిగిపోగా, ఖాళీ పుస్తకం మీద తల పెట్టి ఏడ్చిందట. అది చూసి అప్పటి పెద్దామె పెట్టిన నియమమిది. సొంత పుస్తకం చేతిలో ఉంటే కోరిక పుట్టిన గంటలో డబ్బు బయటికి వస్తుంది. మరొకరి ముఖం చూసి కారణం చెప్పవలసి వచ్చేటప్పటికి సగం కోరికలు గొంతులోనే చల్లారిపోతాయి. పెద్ద చదువులు చదివిన బ్యాంకు ఉద్యోగులకు తట్టని ఈ ఏర్పాటు ఈ ఆడవాళ్లకు తట్టింది. అయితే ఒక్క ప్రమాదాన్ని వారు లెక్కలోకి తీసుకోలేదు. పక్క మనిషి దగ్గర ఎంత ఉందో ప్రతి నెలా కళ్లారా చూడవలసి వస్తుంది.

రసీదమ్మ దగ్గర ఉన్నది ఆమె ఆడపడుచు పాస్‌బుక్కు.

ఆ ఆడపడుచును పదకొండేళ్ల కిందట షాపుకు తీసుకొచ్చిందీ, సూదిలో దారం ఎక్కించడం దగ్గరి నుంచి నేర్పిందీ, చేయి పట్టుకొని పోస్టాఫీసుకు తీసుకువెళ్లి ఖాతా తెరిపించిందీ రసీదమ్మే. ఆనాడు ఫారం నింపుతూ, "నెలకి యాభై వేసినా చాల్లే. ముందు అలవాటు కావాలి," అని పెద్దరికం చేసింది.

"అయిదొందలు వేస్తా వదినా."

"అయిదొందలే! మూణ్ణెల్లు వేసి నాలుగో నెల మొహం చాటేస్తావు."

ఆడపడుచు మొహం చాటేయలేదు. రెండో ఏట అది ఆరు వందలైంది. ఆ తరువాత ఒక్క నెల తప్పలేదు.

తప్పి ఉంటే రసీదమ్మ ఆమెను ప్రాణంగా చూసుకొనేదేమో. కష్టంలో ఉన్న మనిషిని ఆదుకోవడంలో ఆమెకు సాటి లేరు. కాని ఆడపడుచు కష్టంలో ఉన్నట్టు ఎన్నడూ కనిపించదు. రోజుకు మూడు టీలు తాగుతుంది, పక్కవాళ్లకూ పోయిస్తుంది. కొత్త సినిమా వస్తే మొదటి వారమే చూస్తుంది. బస్సు ఆలస్యమైతే ఆటో ఎక్కుతుంది. పద్దు రాసిన పాపాన పోలేదు. "ఈ నెల ఎంతయిందే?" అని అడిగితే, "అయిపోయింది వదినా, పోయినవాళ్ల గురించి చెడుగా మాట్లాడకూడదు," అని పకపకా నవ్వుతుంది. ఇటు రసీదమ్మకు రోజంతటికీ ఒక్క టీ, అదీ ఇంట్లో. షాపుకు రాకపోకలు నడకే. కళ్లజోడు కాడ విరిగితే బైండింగు దారంతో చుట్టి కట్టుకొని రెండేళ్లుగా నెట్టుకొస్తోంది. ఇంత చేసినా, ఏడో ఏట అక్టోబరు నెలలో, ఆడపడుచు నిల్వ తన నిల్వను దాటిపోయింది.

ఏ నెలలో దాటిందో అంత కచ్చితంగా ఎలా తెలుసునంటే, రసీదమ్మ దగ్గర ఒక పట్టిక ఉంది. రెండు నిలువు గళ్లు. ఒకదాని మీద "నేను", మరొకదాని మీద "తను". పదకొండేళ్లలో నూట ముప్పై రెండు వరుసలు. ఆ అక్టోబరు వరుస కింద ఎర్ర సిరా గీత. ఆ గీత గీసిన రాత్రి ఆమె భోజనం చేయలేదు. చేయలేదన్న సంగతిని కూడా పద్దులో "మిగులు" కింద రాసుకొంది.

ఎలా దాటిందన్నది మాత్రం ఆమెకు చాలా కాలం అంతుపట్టలేదు. కాగితపు ముక్కలు దొంగచాటుగా అమ్ముకొంటోందా? తన భర్త, అంటే ఆమె అన్న, చాటుగా చెల్లెలికి ఏమైనా పెడుతున్నాడా? మూడు నెలలు అతని జేబులు లెక్కపెట్టింది. పాపం, ఆ జేబుల్లో పెట్టడానికి ఏమీ లేదు, తీయడానికీ ఏమీ లేదు. తీరా చూస్తే సంగతి కళ్లెదుటే ఉంది. ఒకటో తారీకున జీతం కవరు అందగానే ఆడపడుచు ఇంటికి వెళ్లదు. వదిన దగ్గర పుస్తకం పుచ్చుకొని తిన్నగా పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి ఆరు వందలు కట్టేసి, మిగిలిన దానితో మహారాణిలా బతికి, ఇరవయ్యో తారీకుకు చేతులు దులుపుకొంటుంది. రసీదమ్మ పద్ధతి వేరు. నెలంతా ప్రతి పైసానూ పిండి, ముప్పయ్యో తారీకున మిగిలినది తీసుకెళ్లి కట్టడం. మిగిలేది ఎంత? నెలాఖరున ఆమె దగ్గర నాలుగు డబ్బులు ఉంటాయని చుట్టాలకూ పక్కాలకూ తెలుసు. ఇరవై ఆరో తారీకు నుంచే గుమ్మం ముందు చెప్పులు కనిపించేవి. జాగ్రత్తపరురాలని పేరు పడ్డ పాపానికి ఊరందరి జాగ్రత్తా ఆమె నెత్తిన పడింది. ఆడపడుచును అడిగేవారు లేరు. మూడు టీలు తాగే మనిషి దగ్గర ఏముంటుందని ఎవరికి వారే సరిపెట్టుకొనేవారు.

అన్నింటినీ మించి కడుపు మండించింది మరొకటి. ఇరవై అయిదో తారీకు వచ్చేసరికి ఆడపడుచు కుట్టుబల్ల మీదికి వంగి మెల్లగా అనేది:

"వదినా, రెండొందలుంటే సర్దవా? ఒకటికి ఇచ్చేస్తా."

"నీ పుస్తకంలో తొంభై వేలున్నాయి కదే తల్లీ!"

"అది ఉన్నట్టు నాకు గుర్తు చెయ్యకు వదినా. అది నాది కాదనుకుంటేనే ఉంటుంది."

ఇచ్చేది. ఒకటో తారీకున మాట తప్పక తిరిగి వచ్చేది. అలా ఇచ్చి పుచ్చుకొన్నవి నలభై ఒక్కసార్లు. నలభై ఒకటికీ చీటీలున్నాయి. తన కన్నా ధనవంతురాలికి, తన ఒంటి మీద ఆదా చేసిన డబ్బు అప్పుగా ఇస్తున్నానన్న ఎరుక ఆమె గుండెల మీద కుంపటిలా ఉండేది. ఆ కుంపటి వేడిలోనే అయిదేళ్ల కిందట నెలకు మూడు వందల నలభై చొప్పున ఒక ఆర్డీ కూడా మొదలుపెట్టింది. నియమం ప్రకారం ఆ పుస్తకమూ ఆడపడుచు దగ్గరే ఉంది.

ఇలా ఉండగా ఒక నెల పదకొండో తారీకున యజమాని పనివాళ్లందరినీ పిలిచాడు. ముసలివాడు, మోకాళ్లు అరిగినవాడు. చక్రం తిప్పి బిగించే ఆ కటింగ్ మిషనునూ, అది ఉన్న ముందు గదినీ ఇక తాను చూసుకోలేనని చెప్పాడు.

"బయటివాళ్లకి ఇవ్వడం నాకిష్టం లేదమ్మా. మీలో ఎవరైనా సరే, తొంభై వేలు తెచ్చి ముందు నా బల్ల మీద పెడితే వాళ్లది. మిషనూ గదీ కూడా. కోత పని నేనే ఇస్తాను, పుస్తకానికింతని కట్టిస్తాను. నెలాఖరు దాకా చూస్తాను."

"వాయిదాలు పెట్టుకోరా బాబాయిగారూ?" అని ఎవరో అడిగారు.

"నా మోకాళ్లు వాయిదాలకి ఒప్పుకోవటం లేదమ్మా."

రసీదమ్మ కుట్టుసూదిని బల్లకు గుచ్చి నిలబడిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె కుట్టిన పుస్తకాలకు వేరొకరు అంచులు కోశారు. అక్కడ నిలబడి, పిడి లాగి, ఒక్క వేటుతో రెండు వందల కాగితాల అంచు నున్నగా తేలడం చూడాలన్న కోరికను ఆమె ఎవరికీ చెప్పలేదు, పద్దులోనూ రాయలేదు. ఇది చిన్న కోరిక అని ఎవరైనా అంటే వారికి కోరికల పరిమాణం తెలియదన్న మాటే. మనసులోనే లెక్క వేసింది. పాస్‌బుక్కులో డెబ్బై ఒక్క వేల నాలుగు వందల యాభై. ఆర్డీ గడువు ఇరవయ్యో తారీకున తీరుతుంది. ఇరవై రెండు వేల ఆరు వందలు వస్తాయి. కలిపితే తొంభై నాలుగు వేల యాభై. తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు ఎవరూ ముందుకు రాకపోతే చాలు.

మరునాడు మధ్యాహ్నం ఆడపడుచు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వదినా, రేపు నా పుస్తకం తీసుకురా. తొంభై తీస్తున్నా. కారణం చెప్పాలి కదా, చెప్తున్నా విను. మిషను నేను తీసుకుంటా."

రసీదమ్మ చేతిలోని సూది వేలిలో దిగింది.

"అయ్యో, చూసుకోవేం వదినా!"

"నీకెందుకే మిషను? చక్రం తిప్పగలవా?"

"తిప్పలేకపోతే ఎవడినో పెట్టుకుంటా. ఎన్నాళ్లని కుడతాను? నా వేళ్లు చూడు, జల్లెడ అయిపోయాయి."

ఆమె వేళ్లు జల్లెడ అయితే పదకొండేళ్లకు. రసీదమ్మ వేళ్లు ఇరవై తొమ్మిదేళ్లవి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నాకూ కావాలి," అన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ అక్కడే మరో దారి పట్టేది. కాని తాను నడక నేర్పిన మనిషి ముందు తొమ్మిది రోజుల గడువు అడగడానికి ఆమెకు మెడ వంగలేదు. "వెతికి తెస్తా," అన్నది.

వెతకవలసిన పని లేదు. పుస్తకం మూడో ఫైలులో, ప్లాస్టిక్ కవరులో ఉంది. ఆ సాయంత్రం దాన్ని తీసి, లంచ్ సంచిలో డబ్బా కింద గుడ్డలో చుట్టి పెట్టుకొంది. ఇంట్లో ఎక్కడ దాచినా అది తన చోట లేదన్న బాధ ఆమెను కుదురుగా ఉండనివ్వదు. వెంట ఉంటేనైనా ఎక్కడుందో తెలుస్తుంది. పదమూడో తారీకున షాపుకు వెళ్లి ఆ సంచిని కాళ్ల దగ్గర పెట్టుకొని, ఆడపడుచు ముఖం చూడకుండా చెప్పింది:

"కనిపించటం లేదే."

ఆడపడుచు ముందు నవ్వింది. "నీకు? కనిపించకపోవడం?" ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. వదిన చేతిని పట్టుకొంది. "వదినా, ఒంట్లో బాగుందా నీకు?"

ఈ చిక్కును రసీదమ్మ ఊహించలేదు. మరెవరు అబద్ధమాడినా అది అబద్ధంలాగే కనిపించేది. ఆమె ఒక కాగితం పోగొట్టుకొన్నదంటే మాత్రం జనానికి అది రోగంగా కనిపించింది. సాయంత్రానికి సంగతి భర్త చెవిన పడింది. టైర్ల దుకాణంలో పని ముగించుకొని వచ్చిన ఆ మంచి మనిషి కాళ్లు కూడా కడుక్కోకుండా ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఏమోయ్, ఈ రోజు ఏ వారం?"

"శుక్రవారం. ఎందుకు?"

"మన పెళ్లి ఏ తారీకున అయింది?"

"మీకు గుర్తుందా ముందు?"

అతను "నాకు ఎప్పుడూ లేదు కాబట్టి నా సంగతి వేరు," అన్నాడు. ఆమె తారీకు చెప్పి, హాలు అద్దె రసీదు నంబరు కూడా చెప్పింది. అతని బెంగ తీరలేదు. "నంబర్లు గుర్తుంటాయటోయ్, వస్తువులే గుర్తుండవట. టీవీలో చెప్పాడు," అని నిట్టూర్చాడు. అక్కరకు రాని సంగతులన్నీ చెప్పే పెట్టె అది.

ఆదివారం, పదిహేనో తారీకున, అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి ఇల్లు వెతకడానికి నిశ్చయించుకొన్నారు. రసీదమ్మ వద్దన్నకొద్దీ వారికి జాలి పెరిగింది. మంచం కింది పెట్టెను బయటికి లాగి, ఆడపడుచు నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని ఒక్కొక్క ఫైలునూ విప్పింది. అద్దె చీటీలు, కరెంటు బిల్లులు, చెప్పులు కుట్టించిన చీటీ, మందుల దుకాణం బిల్లులు, మూతపడిన హోటలు తాలూకు రసీదు. "ఈ హోటలు వాడే పోయాడు కదా వదినా, బిల్లెందుకు?" అంటూ ఆమె మొదట హాస్యమాడుతూనే ఉంది. తన రెండు వందల చీటీలు నలభై ఒకటీ పిన్నుతో గుచ్చి కనిపించినప్పుడు కూడా నవ్వింది. "అబ్బో, నా చరిత్ర అంతా ఇక్కడే ఉంది అన్నయ్యా!"

ఆ కింద ఉన్న పట్టికను తీసింది.

రసీదమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. పట్టిక కోసం రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. లాక్కొంటే దాచినట్టవుతుంది, ఊరుకొంటే చదివేస్తుంది. ఆడపడుచు వేలు మొదటి వరుస మీద పడి, కిందికి జారుతూ, ఏడాది వెంట ఏడాది దిగి, ఎర్ర గీత దగ్గర ఆగింది. "నేను". "తను". ఆమె మరేమీ చదవలేదు. కాగితాన్ని ఏ మడతలో ఉన్నదో ఆ మడతలోనే మడిచి, ఏ ఫైలులోదో ఆ ఫైలులో పెట్టి లేచింది.

"దొరికిందా చెల్లీ?" అని అడిగాడు అన్న, అటక మీది నుంచి.

"లేదన్నయ్యా. దిగు. ఇక వెతకొద్దు."

వెళుతూ వదిన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే రసీదమ్మ తట్టుకొనేది.

సోమవారం భోజనాల వేళ, కుట్టుబల్ల మీద జిగురు డబ్బాను పక్కకు జరిపి, ఆడపడుచు ఒక ఫారం పరిచింది. దాని మీద పెన్ను పెట్టింది.

"పోస్టాఫీసుకెళ్లి అడిగా. పుస్తకం పోతే కొత్తది ఇస్తారట. కాకపోతే అది ఎవరి దగ్గర ఉందో వాళ్లు సంతకం పెట్టాలంట. చదువుకో వదినా. చదవకుండా సంతకం పెట్టకూడదని నాకు నేర్పింది నువ్వే."

రసీదమ్మ దారంతో కట్టిన కళ్లజోడు సర్దుకొని చదివింది. "పై పాస్‌బుక్కు నా సంరక్షణలో ఉండగా పోయినదనియు, ఎంత వెదకినను దొరకలేదనియు, ఇది నా ఎరుకలో సత్యమనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను." రెండోసారి చదివింది. నాలుగు రోజులు నిలబడగలిగితే ఇరవయ్యో తారీకు వస్తుంది. ఈ ఫారం పైకి వెళ్లి కొత్త పుస్తకం కిందికి దిగేసరికి నెల దాటుతుంది. ఒక్క సంతకంతో కటింగ్ మిషను తనది. పిడి మీద తన చేయి కనిపించింది. పెన్ను తీసుకొంది. మూత కూడా తీసింది.

నాలుగు రోజులుగా ఆమె నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడింది. నోటి మాట గాలిలో కలిసిపోతుంది, దానికి నకలు ఉండదు. ఈ కాగితం ఉంటుంది. ఒక కార్యాలయంలో, ఒక బీరువాలో, తారీకు వేసి, తన సంతకంతో. అప్పుడు తన పెట్టెలోని కాగితాలన్నింటి మీదా ఉన్న సంతకానికి అర్థమేమిటి? ఇంటివాడి ముఖాన చూపిన చీటీకి విలువేమిటి? ఈర్ష్య ఆమె చేత ఏమైనా చేయించగలిగేది, ఈ ఒక్కటి తప్ప.

పెన్నుకు మూత పెట్టింది. వంగి, లంచ్ సంచిలోంచి డబ్బా తీసి, దాని కింది గుడ్డ విప్పి, పుస్తకాన్ని ఫారం మీద పెట్టింది.

ఆడపడుచు దాన్ని వెంటనే ముట్టుకోలేదు. "ఎక్కడ దొరికింది వదినా?" అని మెల్లగా అడిగింది. చుట్టూ ఇంకా నలుగురున్నారు. పరువు నిలుపుకొనేందుకు ఆమె ఇచ్చిన అవకాశమది.

"దొరకలేదు. నా దగ్గరే ఉంది."

బల్ల చుట్టూ డబ్బాల చప్పుడు ఆగిపోయింది.

"ఇరవయ్యో తారీకు దాకానా?"

రసీదమ్మ తలెత్తింది.

"నీ ఆర్డీ పుస్తకం నా దగ్గరే ఉంది కదా వదినా. ఎప్పుడు గడువు తీరుతుందో నాకు తెలీదా? నిన్న ఆ కాగితం చూశాక కూర్చుని కలిపా. తొంభై నాలుగు వేల యాభై. సరిగ్గా కలిపానా?"

"సరిగ్గానే కలిపావు."

"ఒక్క మాట అడిగితే ఏం పోయేది? ఇరవై దాకా ఆగవే అంటే ఆగేదాన్ని. ఇద్దరం ఒకే రోజు బాబాయిగారి ముందు నిలబడేవాళ్లం. ఎవరికిస్తే వాళ్లకి."

"ఇప్పుడు ఆగుతావా?" ఆ ప్రశ్న తన నోటి నుంచి ఎలా వచ్చిందో రసీదమ్మకే తెలియదు.

"ఇప్పుడు ఆగను," అని ఆడపడుచు పుస్తకం తీసుకొని లేచింది.

ఆ పూట సెలవు పెట్టి తొంభై వేలూ తీసింది. నాలుగున్నరకు యజమాని బల్ల మీద పెట్టింది. మరునాడు పొద్దున వచ్చి రసీదమ్మ పాస్‌బుక్కునూ ఆర్డీ పుస్తకాన్నీ తిరిగి ఇచ్చేసింది. "ఇక ఎవరి పుస్తకం వాళ్ల దగ్గరే," అన్నది. ఆ షాపు ఆడవాళ్లలో జత విడిపోవడం అదే మొదటిసారి. అది తన వల్ల జరిగిందన్న సంగతిని దాచుకొనేందుకు ఏ ఫైలూ సరిపోలేదు.

ఆపైన ప్రతి మధ్యాహ్నమూ రసీదమ్మ తాను కుట్టిన లెడ్జర్లను ముందు గదికి మోయవలసి వచ్చింది. అక్కడ ఆడపడుచు, ఎవడినో పెట్టుకోవడం కాదు, తానే చక్రం తిప్పుతోంది. పిడి లాగితే కాగితపు రిబ్బన్లు గలగలమని నేల మీద పడేవి. ఒక కోత. రెండు. మూడు. రసీదమ్మ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేది. పుస్తకానికి ఇంత అయితే రోజుకు ఎంత, నెలకు ఎంత? ఆ లెక్క ఆమెను నిద్రపోనిచ్చేది కాదు. ఇరవయ్యో తారీకున ఆర్డీ డబ్బు పాస్‌బుక్కులో పడింది. జన్మలో ఎన్నడూ లేని మొత్తం. ఇంటికి వచ్చి పట్టిక తీసి "నేను" గడిలో రాసింది. "తను" గడిలో రాయడానికి ఏమీ లేదు. ఆ పుస్తకం ఇక ఆమె కంట పడదు. అంకెలు తెలిసి కుళ్లుకోవడానికీ తెలియక కుళ్లుకోవడానికీ ఎంత తేడా ఉందో ఆమెకు అప్పుడు తెలిసింది. మొదటిదానికి నెలకొక రోజు చాలు. రెండోదానికి ముప్పై రోజులూ చాలవు.

పైగా సొంత పుస్తకం సొంత ఇంట్లో ఉన్న పదో రోజున భర్త దాన్ని తిరగేశాడు. "ఇంత ఉందటోయ్ మన దగ్గర!" అన్నాడు. "మన" అన్న మాట విని ఆమె గుండెల్లో రాయి పడింది. రెండు రోజులకు తెలిసినవాడి మోటారు సైకిలు చవకగా వస్తోందన్నాడు. మూడో రోజున ఆమె పెత్తల్లి కొడుకు వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. అతనికి కారణం చెప్పి పంపించడానికి ఆమెకు ఇదివరకు ఒక సాకు ఉండేది: "పుస్తకం నా దగ్గర లేదు నాయనా." ఇప్పుడు అది పచ్చి అబద్ధం.

ఒకటో తారీకు వచ్చింది. జీతం కవరు అందగానే రసీదమ్మ ఇంటి దారి పట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారిగా, ఆ కవరును లెక్కపెట్టి పద్దు రాయకుండానే, సంచిలో వెంట తెచ్చుకొన్న పుస్తకంతో తిన్నగా పోస్టాఫీసుకు నడిచింది. కిటికీ ముందు వరుసలో తనకు ముందు నిలబడిన వీపును గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఆడపడుచు గోడకు ఆనించి చీటీ నింపుతోంది. రసీదమ్మ తెలియకుండానే మడమలు ఎత్తింది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది.

"రెండొందలే వదినా," అన్నది ఆడపడుచు వెనక్కి తిరగకుండానే. "ఈ నెల మిషనుకి బ్లేడు వేయించా. ఇక మెడ దించు, పట్టేస్తుంది."

రసీదమ్మ మడమలు దించింది. ముందున్న మనిషి పని ముగిసి వరుస ఒక అడుగు కదిలింది. ఇద్దరూ కదిలారు.

"అమ్మాయ్," అన్నది రసీదమ్మ.

"ఊఁ."

"మీ అన్నయ్య మోటారు సైకిలు కొంటానంటున్నాడు."

"కొననీ."

"నా డబ్బుతో."

ఆడపడుచు భుజాలు కొంచెం కదిలాయి. నవ్వో మరొకటో వెనక నుంచి తెలియలేదు.

"నా పుస్తకం నీ దగ్గర పెట్టుకుంటావా?" అని అడగడానికి రసీదమ్మకు, వరుస మరొక అడుగు కదిలేంత సేపు పట్టింది.

ఆడపడుచు అప్పుడు వెనక్కి తిరిగింది. చాలా రోజుల తరువాత వదిన ముఖాన్ని నిండుగా చూసింది. అందులో ఏమి వెతికిందో, ఏమి దొరికిందో ఆమెకే తెలియాలి.

"పెట్టుకుంటా. కారణం చెప్పకుండా వచ్చి అడిగితే ఇవ్వను, అన్నయ్య వచ్చినా ఇవ్వను. కానీ నాది మాత్రం నీకివ్వను వదినా. అది నా దగ్గరే ఉంటుంది."

తన అంకెలన్నీ ప్రతి నెలా ఆమె చూస్తుంది. ఆమెవి మాత్రం తనకు తెలియవు. రసీదమ్మ లోపల భగ్గుమంది. చెవుల దాకా వేడి పాకింది. కిటికీ లోపలి నుంచి గుమాస్తా, "తరవాత ఎవరమ్మా?" అని కేక వేశాడు.

"పొద్దున్నే తెచ్చిస్తా," అన్నది రసీదమ్మ, పళ్లు బిగించి.